అహాబు జబ్బు మన ఇళ్లలో



పరిశుద్ధ గ్రంథంలో జబ్బుపడినవారి సంగతులు ఎన్నో చదువుతాం. పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొచ్చారు. పేతురు అత్త జ్వరంతో పడి ఉంది. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ తనకున్నదంతా వైద్యులకే ఖర్చు చేసుకొంది. వీరందరికీ ఒంట్లో రోగం ఉంది. కాని ఒంట్లో ఏ రోగమూ లేకుండా మంచం పట్టిన రాజు ఒకడున్నాడు. అతని పేరు అహాబు. రాజులు మొదటి గ్రంథం 21వ అధ్యాయంలో ఆ వృత్తాంతం ఉంది.

అహాబు అన్నం మానేశాడు. మంచం మీద పడుకొని ముఖం తిప్పుకొన్నాడు. అలాంటి మనిషిని మా ఓ.పి.కి తీసుకొస్తే ముందు జ్వరం చూస్తాం, నాడి చూస్తాం, బి.పి. చూస్తాం. ఏమీ దొరకదు. అతని జబ్బు పక్కింటివాడి ద్రాక్షతోట. రాజనగరును ఆనుకొని నాబోతు అనే అతని తోట ఉంది. దాన్ని కూరతోటగా చేసుకోవాలని రాజుకు ఆశ పుట్టింది. ఇది మా పితరుల స్వాస్థ్యం, ఇవ్వనని నాబోతు చెప్పాడు. ఒక దేశమంతా చేతిలో ఉన్న రాజుకు, కాస్త కూరగాయల మడి దొరకలేదని ముద్ద దిగలేదు.

కథ అక్కడితో ఆగలేదు. రాణి యెజెబెలు అబద్ధసాక్షులను పెట్టించి నాబోతును రాళ్లతో కొట్టించి చంపించింది. జబ్బు అహాబుది, ప్రాణం పోయింది నాబోతుది. వార్డుల్లో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న నాకు ఈ అధ్యాయంలో ఎక్కువ తగిలే మాట ఇదే. ఒకరి ఆశకు వెల ఇంకొకరు చెల్లిస్తారు. చాలాసార్లు ఆ ఇంకొకరు మన ఇంట్లోనే ఉంటారు.

సగం మాత్రలు

కొన్నేళ్ల క్రితం మా ఆడవాళ్ల వార్డులో అరవై దాటిన ఒక తల్లిని చేర్చారు. కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. మాట రావడం లేదు. కూతురు ఆమె మందుల సంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. చూస్తే బి.పి. మాత్రలన్నీ సగానికి విరిచి ఉన్నాయి. నెలకు సరిపడే మందులు రెండు నెలలు వచ్చేలా సర్దుకొంటోందని అప్పుడు అర్థమైంది. “ఎందుకమ్మా ఇలా?” అని కూతుర్ని అడిగితే, “అన్నయ్య బండికి కంతులు కడుతున్నాడు సిస్టర్. కొత్త టీవీ కూడా వాయిదాల మీదే తెచ్చాడు. మందులైపోయాయని చెబితే వాడికి ఇబ్బందని అమ్మ చెప్పేది కాదు” అంది.

ఆ అబ్బాయి చెడ్డవాడు కాడు. నాలుగు రోజులు వార్డు బయట వరండాలోనే పడుకొన్నాడు. తల్లి మందులు మానేసిందని తెలిస్తే బండి అమ్మేసేవాణ్ణని ఏడ్చాడు. అది నిజమే అనుకొంటాను. కాని నాబోతు కనీసం “ఇవ్వను” అని నోరు తెరిచి చెప్పాడు. మన ఇళ్లలోని అమ్మలు, నాన్నమ్మలు ఆ మాట అనరు. “నాకేం నొప్పి లేదుగా అయ్యా” అని తమ వాటా తామే తగ్గించుకొంటారు. కాబట్టి కొత్త వస్తువు ఇంటికి తెచ్చేముందు, దీనికోసం ఎవరు ఏది మానుకొంటున్నారని ఇంటిపెద్ద తానే అడగాలి.

ఇక్కడ ఆరోగ్యం మాట ఒకటి చెప్పాలి. బి.పి. ఎక్కువగా ఉన్నా చాలామందికి ఏ బాధా తెలియదు. 140/90 గాని అంతకన్నా ఎక్కువ గాని పదే పదే కనిపిస్తే అది అధిక రక్తపోటు. బాధ లేదని మాత్ర మానితే, సగం చేస్తే రక్తపోటు లోలోపల పెరిగి మెదడును, గుండెను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మూతి వంకర పోవడం, ఒక చేయి గాని కాలు గాని ఒక్కసారిగా బలం తప్పడం, మాట తడబడటం పక్షవాతం గుర్తులు. అలా కనబడితే తెల్లవారనిద్దామని ఆగకండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు, అదీ తగినవారికే ఇవ్వగలరు. స్కానింగు, ఆ ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి వెంటనే బయలుదేరాలి.

బి.పి., షుగరు మాత్రలు ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా ఇస్తారు. జనరిక్ మందుల దుకాణాలలో కూడా తక్కువ ధరకు దొరుకుతాయి. డబ్బు చాలకపోతే మాత్ర విరవకండి. మాతో చెప్పండి, దారి చూపిస్తాం.

కంతుల లెక్క

మన చిన్నతనంలో వస్తువు కొనాలంటే ముందు డబ్బు కూడబెట్టేవారు. ఇప్పుడు వస్తువు ముందు వస్తుంది, డబ్బు తరువాత కట్టాలి. అప్పు అనే మాటకు సిగ్గుపడేవాళ్లం కూడా “ఈ.ఎం.ఐ.” అంటే సిగ్గుపడం. ఫోను తెరిస్తే చాలు, అప్పు ఇస్తామని యాప్‌లు పిలుస్తాయి. “వడ్డీ సున్నా” అని రాసి ఉంటే ఎవరికి ఆశ పుట్టదు? కాని 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇలాంటి సున్నా వడ్డీ పథకాలు వద్దని బ్యాంకులకు చెప్పింది. వడ్డీని ఫీజుల రూపంలోనో మరో రూపంలోనో వసూలు చేస్తూ, కొనేవారికి అసలు ఖర్చు తెలియనివ్వడం లేదన్నదే కారణం.

ఊళ్లో అప్పు లెక్క కూడా చూడండి. ఓణీల ఫంక్షనుకని నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చారనుకొందాం. నెలకు 2,000 రూపాయలు. ఏడాదికి 24,000. మూడేళ్లకు 72,000 కట్టినా అసలు లక్ష అలాగే ఉంటుంది. భోజనాల పందిరి ఒక్క పూటలో విప్పేస్తారు. వడ్డీ మాత్రం ఆ పిల్ల ఇంటర్ చదివి కాలేజీకి వెళ్లేనాటికి కూడా ఆమె ఫీజుతో పోటీపడుతూనే ఉంటుంది.

అప్పులవాడు గుమ్మం ముందుకొచ్చిన ఇంట్లో నిద్ర ఉండదు. తలనొప్పి, కడుపులో మంట, గుండెదడ అని ఓ.పి.కి వచ్చేవారితో కాసేపు కూర్చొని మాట్లాడితే, చివరికి అప్పు సంగతి బయటికి వస్తుంది. పురుగుల మందు తాగి అర్ధరాత్రి వచ్చిన కేసులను కూడా మేము చూశాం. మీకు గాని, మీ ఇంట్లోవారికి గాని బ్రతకాలని లేదన్న తలంపు వస్తే ఒంటరిగా ఉండకండి. మాకు చెప్పండి, మీ పాస్టరుగారికి చెప్పండి, లేదా టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. 2022 నుండి నడుస్తున్న ఈ ప్రభుత్వ సేవకు డబ్బు కట్టనక్కరలేదు. తెలుగులో మాట్లాడవచ్చు.

అందరి అప్పూ ఆశ వల్ల వచ్చింది కాదు

ఒక జాగ్రత్త చెప్పకపోతే ఈ వ్యాసం అన్యాయం చేసినట్టే అవుతుంది. అప్పు చేసిన ప్రతివాడూ అత్యాశపరుడు కాడు. వానలు లేక పంట పోయినవారు, పనులు దొరకనివారు, జబ్బుకే పొలం అమ్ముకొన్నవారు మన మధ్య ఉన్నారు. 2010లో ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడికి పేద స్త్రీలు ఎంత నలిగిపోయారో చూశాం. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అలాంటివారి దగ్గరకు వెళ్లి “తక్కువతో సరిపెట్టుకోండి” అని వాక్యం చెప్పడం గాయం మీద కారం చల్లినట్టే.

సామెతలు 30వ అధ్యాయంలో ఆగూరు అనే ఆయన ప్రార్థన ఉంది. ఆయన ఐశ్వర్యాన్ని అడగలేదు, దరిద్రతనూ అడగలేదు. పూటకు తగినంత అడిగాడు. ఎక్కువైతే దేవుణ్ణి మరచిపోతానేమో, మరీ లేకపోతే దొంగతనం చేస్తానేమో అని ఆయన భయం. అంటే లేమిని గొప్ప చేయడం బైబిలు పద్ధతి కాదు. కడుపునిండా తిండి, జబ్బుకు మందు, పిల్లలకు చదువు అందరికీ ఉండాలి. తక్కువతో బ్రతకమన్న మాట మొదట ఉన్నవారికి, కాస్త ఉండి ఇంకా కావాలనుకొనేవారికి. జీతగాళ్లమైన మాలాంటివారికి.

కారు, మేడ, విదేశీ వీసా ఉంటేనే దేవుడు ఆశీర్వదించినట్టని చెప్పే బోధ కూడా ఇప్పుడు వింటున్నాం. ఆ లెక్కన ఎలుగెత్తి ఖండించిన ఏలీయా కన్నా, నాబోతు తోటను స్వాధీనపరచుకోవడానికి వెళ్లిన అహాబే ఆశీర్వదించబడినవాడు కావాలి! సాక్ష్యం చెప్పేటప్పుడు వస్తువుల పట్టీ చదవడం మానుకొంటే, వెనుక బల్ల మీద కూర్చున్న కూలి తల్లి తలదించుకోనక్కరలేదు.

ఆసుపత్రిలోనూ ఇదే ఆశ

ఎక్కువ కొంటే ఎక్కువ మేలు అన్న ఆలోచన మందుల దగ్గర కూడా ఉంది. “నీరసంగా ఉంది సిస్టరమ్మా, ఒక గ్లూకోజు సీసా ఎక్కించండి” అని అడగనివారు తక్కువ. 5 శాతం గ్లూకోజు ఉన్న 500 మిల్లీలీటర్ల సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. అంటే ఐదారు టీచెంచాల చక్కెరంత. వాంతులతో నీరు నిలవనివారికి, స్పృహ లేనివారికి, ఆపరేషను రోగులకు డాక్టరుగారు చూసి పెట్టే సెలైన్లు ప్రాణం నిలుపుతాయి. నోటితో తినగలిగే మనిషికి మాత్రం రెండు ఇడ్లీలు, ఒక గ్లాసు మజ్జిగ ఆ పని చేస్తాయి. నీరసం తగ్గకపోతే సీసా కాదు, రక్తహీనతో షుగరో ఉందేమోనని పరీక్ష కావాలి.

తక్కువ ఖర్చు వైద్యం చిన్న వైద్యమని అనుకోకండి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వల్ల లక్షలమంది శరణార్థులు మన దేశానికి వచ్చారు. పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో కలరా వ్యాపించింది. సెలైన్ నిల్వలు అయిపోయాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని కప్పులతో తాగించే ఏర్పాటు చేశారు. నూటికి 30 వరకు ఉన్న మరణాలు 4 లోపుకు దిగాయి. ఈనాటి ఓ.ఆర్.ఎస్. పొట్లం వెనుక ఆ అనుభవం ఉంది. ఇంట్లో పొట్లం లేకపోతే, ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు తలగొట్టి వేసి బాగా కలిపి విరేచనాలవుతున్న బిడ్డకు కొంచెం కొంచెంగా తాగించండి. ఉప్పు కొలత దాటకూడదు.

ఈ మాట రోగులకే కాదు, ఆసుపత్రులలో పనిచేసే మాకూ వర్తిస్తుంది. నయమాను కుష్ఠు బాగయినప్పుడు ఎలీషా ప్రవక్త కానుక ఏదీ తీసుకోలేదు. ఆయన సేవకుడు గేహజీ మాత్రం వెనుకే పరుగెత్తి, అబద్ధమాడి, వెండి, రెండు దుస్తుల బట్టలు పుచ్చుకొన్నాడు. నయమానును విడిచిన కుష్ఠు గేహజీకి అంటుకొంది. వైద్యసేవ దగ్గర ఆశ చేరితే ఏమవుతుందో ఇంతకన్నా సూటిగా చెప్పనక్కరలేదు. కొత్తగా చేరిన నర్సింగు విద్యార్థినులకు నేను ఈ వృత్తాంతం తప్పక చెబుతాను. రోగి బంధువు చేతిలో పెట్టే యాభై రూపాయలు తీసుకోవద్దని వేరుగా చెప్పే పని ఉండదు.

“చాలు” అన్న మాట

నిర్గమకాండం 16వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులకు దేవుడు మన్నా ఇచ్చినప్పుడు కొలత కూడా ఇచ్చాడు. మనిషికి ఒక ఓమెరు. ఎక్కువ కూర్చుకొన్నవానికి మిగల్లేదు, తక్కువ కూర్చుకొన్నవానికి తక్కువ కాలేదు. రేపటికని దాచినది పురుగుపట్టి కంపు కొట్టింది. విశ్రాంతిదినానికి ముందు రోజున మాత్రం రెండింతలు కూర్చి దాచుకొమ్మని ఆయనే చెప్పాడు, అది చెడిపోలేదు. అవసరానికి దాచుకోవడం తప్పు కాదని, చాలు అన్నది తెలియకపోవడమే తప్పని ఇందులో మనకు నేర్పించాడు.

ఈ కొలత పాటించినవారు సంఘ చరిత్రలో ఉన్నారు. జాన్ వెస్లీ తన ప్రసంగమొకదానిలో ఆక్స్‌ఫర్డులోని ఒక యువకుని లెక్క చెప్పాడు. అది ఆయన సొంత లెక్కేనని పెద్దలు అంటారు. మొదటి ఏడు 30 పౌండ్లు వస్తే 28తో జీవించి 2 పౌండ్లు ఇచ్చేశాడు. రెండో ఏడు 60 వచ్చినా 28తోనే జీవించి 32 ఇచ్చాడు. మూడో ఏడు 90 వస్తే 62 ఇచ్చాడు. నాలుగో ఏడు 120 వస్తే 92 ఇచ్చాడు. రాబడి నాలుగింతలైంది, కొలత మారలేదు. మనకు జీతం పెరిగిన నెలలో ముందు గుర్తొచ్చేది ఏమిటో ఒకసారి ఆలోచించుకొందాం.

ఇంత పెద్ద రాబడి లేనివారి సంగతి? మిజోరంలో 1910 నుండి క్రైస్తవ కుటుంబాలు వంట చేసే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన పెడుతున్నాయి. సంఘం వాటిని సేకరించి అమ్మి సేవకు వాడుతుంది. మన తెలుగు సంఘాలలో కూడా పిడికెడు బియ్యం కుండ మన అమ్మమ్మలకు తెలిసినదే. డోర్నకల్ బిషపు వి.ఎస్. అజరయ్యగారు పల్లెల్లోని పేద విశ్వాసులకు కూడా ఇవ్వడం నేర్పించారు, క్రైస్తవ దాతృత్వం గురించి పుస్తకమే రాశారు. పిడికెడు బియ్యం తీసినందుకు ఏ ఇంట్లోనూ ఎవరూ పస్తులుండరు. కాని ఆ పిడికిలి మూసినప్పుడల్లా, ఉన్నదంతా మనకే కాదని చేతికి గుర్తుంటుంది.

ఇంట్లో మొదలుపెట్టగలిగినవి

1. జీతం గాని కూలి డబ్బు గాని రాగానే ముందు మందుల డబ్బు, తరువాత బియ్యం పప్పుల డబ్బు, పిల్లల ఫీజు వేరుచేసి పెట్టండి. కంతులు, సరదాలు మిగిలినదానిలో నుండే.

2. నెలకొకసారి ఇంట్లో పెద్దవారి మందుల డబ్బా మీరే తెరిచి చూడండి. “ఉన్నాయి” అన్న మాట విని ఊరుకోవద్దు.

3. వెయ్యి రూపాయలు దాటిన వస్తువు ఏదైనా చూసిన రోజే కొనకండి. రెండు ఆదివారాలు గడవనివ్వండి. అప్పటికీ అవసరమనిపిస్తే ఇంట్లో అందరూ కూర్చొని నిర్ణయించండి.

4. అప్పు తప్పనిసరైతే వడ్డీని నెలకు కాక ఏడాదికి, మొత్తం గడువుకు లెక్క వేయించండి. లెక్క చెప్పనివారి దగ్గర సంతకం చేయవద్దు.

5. పెళ్లి, ఓణీలు, పుట్టినరోజు పెట్టుకొనేముందు ఖర్చు ఎంతో రాసుకోండి. అప్పు లేకుండా అయ్యేంతే చేయండి. సంఘపెద్దలు తమ ఇంటి శుభకార్యాలతో ఇది మొదలుపెడితే, లేనివారికి ధైర్యం వస్తుంది.

6. ఆరునెలల లోపు బిడ్డకు తల్లిపాలు చాలు, డాక్టరు చెబితే తప్ప డబ్బా పాలు కొనవద్దు. రంగు పానీయాలు, పొట్లాల చిరుతిళ్ల బదులు వేరుశెనగ బెల్లం ఉండ, జామకాయ, ఉడికించిన గుడ్డు పెట్టండి. సంచికీ, ఒంటికీ రెండింటికీ మేలు.

7. క్రిస్మస్‌కు ఇంటిల్లిపాదికీ కొత్త బట్టలు కొనేటప్పుడు ఒక్క జత తగ్గించి, ఆ డబ్బుతో ఒక రోగికి నెల మందులు కొనివ్వండి. ఎవరికి అవసరమో మా వార్డు సిస్టర్లను అడగండి.

నేను చెప్పిన ఆ తల్లికి ఫిజియోథెరపీతో చేతికర్ర పట్టుకొని నడిచేంత బలం వచ్చింది. మాట మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఇప్పుడు ప్రతి నెలా కొడుకే ఆమె మందులు తీసుకెళ్తున్నాడు. కిటికీ దగ్గర నిలబడి, మాత్రలు లెక్కపెట్టుకొని మరీ తీసుకొంటాడు.

మన ఇళ్లలో ఎవరి వాటా ఎవరు తగ్గించుకొంటున్నారో చూచే కన్నులు, “ఇది చాలు” అని చెప్పగల నోరు ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.